సాక పోయని గ్లాసు

బొంబాయి హోటల్లో బారులో పని చేసే తమ్ముడు ఎల్లస్వామి నాలుగేళ్లకు మా ఊరు మట్టెవాడ వచ్చాడు. తెల్లారితే మా ఇద్దరి పొలం పంపకం. వాడు మధ్యాహ్నమే సంచిలోంచి టెకీలా సీసా తీశాడు.

"మార్గరిటా అంటరన్నా దీన్ని. దొరల మందు. జర రుచి చూడు."

రెండు స్టీలు గ్లాసుల అంచులకు నిమ్మచెక్క రుద్ది, ఉప్పు పళ్లెంలో బోర్లించి తీశాడు. నాకు వీపు పెట్టి కలిపాడు. నా గ్లాసులో వేలు ముంచి, చనిపోయిన నాయినకు సాకగా రెండు చుక్కలు నేలమీద చల్లాడు. తన గ్లాసులోంచి చల్లలేదు.

సాక పోయనిదే వాడు ఏనాడూ తాగడు. నాకొక్కడికే తాగించి, మత్తులో పంపకం కాగితం మీద సంతకం పెట్టించుకుంటాడని తోచింది. వాడు పల్లీల కోసం వంటింట్లోకి వెళ్లగానే గ్లాసులు మార్చాను.

వచ్చి ఒక్క గుక్కలో సగం తాగి, ఆగిపోయాడు.

"మార్చినవా అన్నా?"

నేను నా చేతిలోని గ్లాసు తాగి చూశాను. ఉత్త నిమ్మరసం.

"నిమ్మకాయ నీళ్లతోని నాయినకు సాక ఎట్ల పోస్తనే?" అన్నాడు మెల్లగా. "దవాఖానల పెట్టి తాగుడు మాన్పిచ్చిన్రు. ఏడు నెలలైంది. ఒక్క చుక్క పోయినా మల్ల ఆగలేవన్నరు."

"అయితే పారబొయ్‌రా!"

వాడు నావైపు చూడలేదు. చేతిలోని సగం గ్లాసులో వేలు ముంచి, నాయిన పేర రెండు చుక్కలు నేలమీద చల్లాడు.