పక్క సీట్లో డ్రైవరు

"నాన్నా, నోరు మెదిపావంటే బండి అక్కడే ఆపేసి దిగిపోతాను" అంది కూతురు సీటు బెల్టు పెట్టుకుంటూ.

సిటీ బస్సు స్టీరింగ్ తిప్పుతూ జీవితమంతా అరగదీసుకున్న మనిషి, బుద్ధిగా తలూపాడు. ఇవాళ అమ్మాయికి లైసెన్సు పరీక్ష. పాసైతే కొరియర్ వ్యాన్ నడిపే ఉద్యోగం ఖాయం. పోయినసారి పరీక్షకు వెళ్లే దారి పొడుగునా "చూడు, చూడు" అని ఈయన కంగారు పెట్టాడు. పిల్ల చేతులు వణికి పరీక్ష కాస్తా పోయింది. ఈసారీ పోతే ఉద్యోగం ఇంకెవరికో వెళ్లిపోతుంది.

అందుకే నోటికి తాళం వేసుకున్నాడు. ఒళ్లు వింటేగా!

సందు మలుపులో లారీ ఎదురైంది. ఈయన కుడిపాదం ఠక్కున బ్రేకు నొక్కింది. పక్క సీటు ముందు బ్రేకెక్కడ ఏడ్చింది? అయినా నొక్కింది.

ఇదేం కొత్త కాదు. బస్సు వేళకు చేరాలి, తను మాత్రం వేళకు తినకూడదు. ఆపలేదని ఒకడు తిడితే, ఆపావేంటని ఇంకొకడు తిట్టేవాడు. అరికాలి మంట నెత్తికెక్కినా పళ్లు బిగబట్టుకోవాలి. ముందు నిద్ర పోయింది. తర్వాత బీపీ వచ్చింది, దాని తోక పట్టుకుని షుగరూ వచ్చింది. డ్యూటీ మానేసినా పాదం మానలేదు. భోజనాల బల్ల దగ్గరా, మంగలి కుర్చీలోనూ బ్రేకులే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో పోతుందంటారు, ఈయనకు డ్యూటీతో వచ్చింది పుడకలతోనైనా పోదేమోనని భార్య విసుక్కునేది. డ్యూటీ అయిపోయిందని మీ ఒంటికి ఎవరూ చెప్పినట్టు లేదన్నాడు డాక్టరు.

తండ్రి తొడ బిగుసుకోవడం ఓరకంట చూసింది కూతురు. "మళ్లీ నొక్కుతున్నావు."

"నేను కాదమ్మా. అది నా మాట వినట్లేదు."

కూరగాయల బజారు వచ్చింది. ఆగి ఉన్న రెండు వ్యాన్ల మధ్య నుంచి ఒక ముసలావిడ సంచీతో చటుక్కున రోడ్డు మీదికి వచ్చేసింది. ఈయనకు కేక గొంతు దాకా వచ్చింది. పెదవి కొరికి మింగేశాడు. ఉన్న బలమంతా పెట్టి నొక్కాడు.

కారు కుదుపు లేకుండా ఆగింది. ముసలావిడ ఇటు చూడనైనా చూడకుండా దాటిపోయింది. పిల్ల చేతులు వణకలేదు.

"నువ్వు అరవలేదు నాన్నా" అంది నెమ్మదిగా. "ఇవాళ పాసవుతాను."

ఆయనకు కళ్లు చెమర్చాయి. కారు మళ్లీ కదిలింది. ఆయన ఒంట్లో బిగువు మాత్రం దిగలేదు. పిక్క పట్టేసింది, కాలివేళ్లు కొంకర్లు పోతున్నాయి. కాస్త పిసుక్కుందామని నొప్పితో వంగాడు.

చెయ్యి చాపితే దొరికింది మడిచి కుట్టిన ప్యాంటు అంచు ఒక్కటే. షుగరు ముదిరిందని డాక్టర్లు ఆ కాలిని మోకాలి దాకా తీసేసి ఏడాది దాటింది.