చప్పిడి ముద్ద

పక్కింటి సైదమ్మ గడపలో అడుగు పెట్టిన ఆండాళు అక్కడే కొయ్యబారిపోయింది. లోపల గోడకు ఆనుకుని కూర్చున్న తన పెనిమిటి దశరథ, వేడన్నంలో మామిడికాయ తొక్కు కలుపుకుని, కళ్లు మూసుకుని మరీ తింటున్నాడు.

"అయ్యో నా తల్లో! విషం తింటున్నవయ్యా!"

దశరథ చేతిలోని ముద్ద జారి పళ్లెంలో పడింది. "ఒక్క ముద్దనేనే. నోరు సచ్చిపోయింది."

"నోరు సస్తే సచ్చింది. నువ్వుండాలె గద! నన్ను నడిబజార్ల ఇడిసిపెట్టి పోదామనుకున్నవా?" అంటూ ఆండాళు గడప మీదే కూలబడి ఏడ్చింది.

"నేను వద్దనే అన్న వదినా," అని గొణుగుతూ సైదమ్మ తలుపు చాటుకు తప్పుకుంది. నిజానికి ఆ తొక్కు జాడీ ఆండాళుదే. ఇంట్లో కనబడితే నోరూరుతుందని నెల కిందట దశరథే మోసుకొచ్చి ఇక్కడ పెట్టాడు.

అంతా మాఘమాసంలో మొదలైంది. రజాకార్ల గడబిడ సద్దుమణిగి, సూర్యాపేట సాలెవాడలో మగ్గాల చప్పుడు మళ్లీ వినబడుతున్న రోజులవి. కాలిలో ముల్లు దిగి చీము పడితే దశరథ దవాఖానకు పోయాడు, ఆండాళు తోడు పోయింది. డాక్టరు బల్ల మీద కొత్త యంత్రమొకటి ఉంది. చేతికి పట్టీ చుట్టి గాలి కొడితే గాజు గొట్టంలో పాదరసం పైకి పాకుతుంది, ఒంట్లో నెత్తురు పోటు ఎంతుందో చెబుతుంది. వచ్చినవాళ్లందరికీ డాక్టరు ముచ్చటగా అది కట్టి చూస్తున్నాడు.

దశరథ బెదిరిపోయాడు. "ముందుగాల ఆమెకు కట్టుండ్రి సాబ్. నేను సూస్త."

ఆండాళు నవ్వుకుంటూ చెయ్యి చాపింది. తర్వాత అతనికీ కట్టారు. డాక్టరు పట్టీ విప్పి ఆండాళు వైపు తిరిగాడు. "అమ్మా, జర బయట కుండలకెల్లి నీళ్లు తెస్తవా?" అన్నాడు. ఆమె చెంబుతో తిరిగొచ్చేసరికి దశరథ ముఖం పాలిపోయి ఉంది.

"నాకు నెత్తురు పోటు మస్తున్నదట," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"దీనికి గోలీ లేదమ్మా," అన్నాడు డాక్టరు. "ఉప్పు బంద్, తొక్కు బంద్. పొద్దుగాల రెండు మైళ్లు నడవాలె, పగటిపూట జర కునుకు తియ్యాలె. కోపం, పరేషాన్ అసలే వద్దు."

ఆండాళు ఒక్క మాట పొల్లు పోనివ్వలేదు. తన ఒంటి సంగతి పట్టించుకోవడం మాత్రం ఆమెకు ఏనాడూ తెలియదు. చలిజ్వరం వచ్చినప్పుడు దవాఖాన మందును దొడ్లో బీరపాదుకు పోసి, "నాకేమైతది" అని మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటూ కూర్చున్న ఘనురాలు. మెడ వెనక పోటు లేస్తే తలకు కొంగు బిగించుకుని పనిలో పడేది. అదే మొగుడికైతే కాలిలో ముల్లు దిగినా తన ప్రాణం విలవిల్లాడేది.

కుండ ఒకటే, కూర ఒకటే. మొగుడు తిన్నాక అదే కూర తాను తినడం అత్తగారింట అలవాటైన పద్ధతి. తనకోసం వేరే ఉప్పేసి వండుకోవచ్చని ఆమెకు తోచనే లేదు.

కోడి కూయగానే ఇద్దరూ కోదాడ సడక్ పట్టేవారు. ఒక్కడే పోతే గుండె దడ పుడుతుందని దశరథ ఆమెను వెంటబెట్టుకునేవాడు. సడక్ నిండా మంచు. మిర్యాలగూడ నుంచి వచ్చే బియ్యం బండ్ల ఎద్దుల గంటలు ముందు వినబడేవి, చాలాసేపటికి గానీ బండ్లు కనబడేవి కావు. ఆ తెల్లదనంలో తాము నడుస్తున్నామో, సడకే వెనక్కి జరుగుతోందో ఆండాళుకు తెలిసేది కాదు. పెళ్లైన కొత్తలో కూడా అతని పక్కన ఇలా ఊరికే నడిచిన గుర్తు లేదు.

"గింత సుఖం నీకు రోగమొస్తే గాని దొరకలేదు సూడు," అంది ఒకనాడు. అని వెంటనే నాలిక కరుచుకుంది.

దశరథ నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

"ఏడుస్తున్నవా ఏందయ్యా?"

"మంచు పడ్డదిలే. నడువు."

మధ్యాహ్నం మగ్గం ఆపి చాప పరిచేవాడు. "నువ్వు అటిటు తిరుగుతుంటే నాకు నిద్ర పడతదా? పండుకో ఇటు," అని కసిరేవాడు. బిందెలతో నీళ్లు కూడా తనే తెచ్చేవాడు, డాక్టరు రెక్కలాడించమన్నాడట. అంత పద్ధతిగా ఉన్న మనిషి ఇవాళ తొక్కు దగ్గర దొరికిపోయాడు.

"నా మీద ఒట్టు పెట్టు," అంది ఆండాళు ముక్కు చీదుకుంటూ.

దశరథ చెయ్యి కడుక్కొచ్చి ఆమె నెత్తిన పెట్టాడు. "ఇగ ముట్ట. నువ్వు చప్పిడి తిన్నన్నాళ్లు నాకూ చప్పిడే. సరేనా?"

తొలకరి పడ్డాక మళ్లీ దవాఖానకు పోయారు. "ముందుగాల ఆమెకే," అన్నాడు దశరథ. "ఇంకా భయమేనా?" అని ఆండాళు ఎగతాళి చేస్తూ చెయ్యి చాపింది. ఇద్దరికీ కట్టి చూసి, డాక్టరు పకపకా నవ్వాడు.

"దిగింది దశరథా! మస్తు దిగింది. గిట్లనే నడువుండ్రి."

దశరథ బల్ల పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆండాళు కొంగుతో అతని ముఖం తుడిచింది. తన ఏడుపు మాత్రం ఆగలేదు.

డాక్టరు ఇచ్చిన ఉర్దూ చీటీ ఆమెకు చీమల బారులా కనబడింది. ఉర్దూ బడిలో నాలుగు తరగతులు చదివిన దశరథ దాని మొదటి వరుసను వేలితో నిమిరాడు.

"ఏం రాసిండయ్యా?"

"భయం లేదని."

"నా పసుపు కుంకుమలు నిలబడ్డయి," అంటూ ఆండాళు ఆ చీటీని దేవుడి గూట్లో పెట్టి, బొట్టు పెట్టి, కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది.

చీటీ మీదున్న రోగి పేరు ఆండాళుది.