లేవి తీసిన చీటీ

"ఆదివారం పని పెడితే మంచిదని నేను చెప్పల్లా? నాతో కాదు సార్" అంటూ లేవి చీటీని టేబుల్ మీద పెట్టేశాడు.

ఇంగ్లీషు నేర్పడానికి కంపెనీ కడప నుంచి పిలిపించిన కిరణ్‌కుమార్ నవ్వాడు.

"నిజంగా కాదు లేవన్నా, ప్రాక్టీసు. మనసులో లేనిది చెప్పగలిగితేనే భాష వచ్చినట్టు. ఈ పెట్టెలో ఇరవై చీటీలు ఉన్నాయి, అన్ని రకాలూ ఉన్నాయి. పెద్దాయన కదా అని మొదట మిమ్మల్ని తీయమన్నా. మీకు అది వచ్చింది, అంతే."

కమలాపురం దగ్గరి ఆ సిమెంటు ఫ్యాక్టరీని కొత్తవాళ్లు కొన్నప్పటి నుంచి మీటింగులన్నీ ఇంగ్లీషులోనే జరుగుతున్నాయి. కార్మికుల తరఫున వాటిలో కూర్చునేది లేవి ఒక్కడే. ఏమీ అర్థం కాక తల ఊపి వచ్చేవాడు. ఈ నెలలో ఆదివారం సెలవు తీసేస్తారనే మాట పుట్టింది. తీసేస్తే పల్లె చర్చిలో ఎనిమిదింటికి మొదటి గంట కొట్టడానికి లేవి ఉండడు. గంట విని రావడానికి సగం మంది మగవాళ్లూ ఉండరు. ఆ మీటింగులో వద్దని చెప్పాలనే ఈ వయసులో ఇంగ్లీషు క్లాసులో కూర్చున్నాడు.

"ఒప్పుకోకపోతే ఊరికే 'నో' అనకూడదు" అని పొద్దున్నే చెప్పాడు కిరణ్‌కుమార్. "మర్యాదగా, ఐ యామ్ అఫ్రైడ్ ఐ డిసగ్రీ అనాలి. ముందు భయపడుతున్నామని చెప్పి, తర్వాత ఒప్పుకోమని చెప్పాలి."

"ముందే భయపడినోడు ఇంగ ఒప్పుకోకుండా ఎట్ల ఉంటాడు సార్?" అని ప్యాకింగ్ సెక్షన్ పుల్లన్న అడిగితే గదంతా నవ్వింది.

ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

"చెప్పన్నా, ఉత్తుత్తిదే గదా" అన్నాడు పుల్లన్న. "క్రిస్మస్ నాటకంలో హేరోదు ఏసం కట్టింది నువ్వే గదా? పసిబిడ్డలను నరికించినావు. అప్పుడు రాని పాపం ఇప్పుడొస్తాదా?"

లేవిని ఒప్పించింది ఆ మాట కాదు, చీటీ. వాళ్ల చర్చి సంఘంలో పెద్దను ఎన్నుకునేటప్పుడు ప్రార్థన చేసి చీట్లు వేస్తారు. ఎవరి పేరు వస్తే వాళ్లు మారు మాట్లాడకుండా లేచి నిలబడాలి. చేతికి వచ్చిన చీటీ దేవుడు పంపిందే. లేవి అలాగే పెద్ద అయ్యాడు. మరి ఈ చీటీని ఎవరు పంపినట్టు? ఇందులోనూ తాను నేర్చుకోవలసింది ఏదో ఉంటుందిలే అనుకుని లేచాడు.

"తప్పులు పోతే తర్వాత చూపిస్తా" అంటూ కిరణ్‌కుమార్ సెల్‌ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

"ఇన్ మై ఒపీనియన్" అన్నాడు లేవి, "సండే వర్క్ ఈజ్ గుడ్. ఐ స్ట్రాంగ్లీ ఫీల్, ఆల్ వర్కర్స్ ఆర్ హ్యాపీ."

ఒక్క తప్పూ పోలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

"టైమైంది, మిగిలినవాళ్లు రేపు" అన్నాడు కిరణ్‌కుమార్. మర్నాడు అతను రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

శనివారం పొద్దున బోర్డు మీద నోటీసు అంటించారు. రేపటి నుంచి ఆదివారం కూడా పని.

"పో అన్నా, నేర్చుకున్నావు గదా, గట్టిగా చెప్పేసి రా" అని అందరూ లేవిని మీటింగు గదిలోకి పంపారు.

లేవి హైదరాబాదు మేనేజరు ఎదురుగా నిలబడ్డాడు. "ఐ యామ్ అఫ్రైడ్ ఐ డిసగ్రీ" అన్నాడు.

మేనేజరు ముందున్న ల్యాప్‌టాప్‌లో ఏదో నొక్కాడు. గోడ మీది తెరలో లేవి కనిపించాడు. ఇన్ మై ఒపీనియన్ అని మొదలుపెట్టి, కార్మికులందరికీ సంతోషమేనని చెప్పి ఆగాడు.

"చాలా బాగా చెప్పారు" అన్నాడు మేనేజరు తెలుగులోనే. "మీ మాట మీదే నిర్ణయం తీసుకున్నాం."

లేవికి కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. తెర మీది మనిషికి చొక్కా కాలరు ఒకవైపు మడత పడి ఉంది. ఇంట్లో భార్య వరమ్మ అయితే సరిచేసి పంపేది కదా, ఆ రోజు ఎందుకు చూసుకోలేదో అనుకున్నాడు.

బయటికి వచ్చి నేరుగా క్లాసు జరిగిన గదిలోకి పోయి కూర్చున్నాడు. పుల్లన్న వెనకే వచ్చాడు. లేవి జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాడు.

పుల్లన్న పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇంతమందిమి ఉన్నాము. ఆ చీటీ నీకే రావల్లనా అన్నా?"

"దేవుడు ఇచ్చినాడప్పా" అన్నాడు లేవి. "నాకే ఎందుకిచ్చినాడో తెలీదు."

అట్టపెట్టె ఇంకా టేబుల్ మీదే ఉంది. పుల్లన్న దాన్ని బోర్లించాడు. లేవి ఒక్కొక్క చీటీ విప్పి, అరచేత్తో సాపుచేసి, వరసగా పెట్టాడు.

పంతొమ్మిదింటిలోనూ ఆదివారం పని మంచిదనే రాసి ఉంది.