ట్రస్కాట్ గారి సంతకం

"నీలం సిరాతో రాశావు. నలుపుతో రాయాలి," అంటూ ట్రస్కాట్ గారు ఫారాన్ని బల్ల మీద మారెన్ వైపు జరిపారు.

మారెన్‌కి ఒళ్ళు మండింది. ఇది మూడో వారం. మొదటి వారం తేదీ వెయ్యలేదన్నారు. రెండో వారం ఇంటి చిరునామా పూర్తిగా లేదన్నారు. ఇప్పుడు సిరా. ఆ సంతకం ఒక్కటి పడితే నలభై వేలమంది చదివే ఈ యూనివర్సిటీ వదిలేసి, అయోవాలో తొమ్మిది వందలమంది ఉండే ఎల్డర్‌బ్రూక్ కాలేజీకి మారిపోవచ్చు. ఆయన ఆమెకి అడ్వైజర్. ఏం చెయ్యాలో అడుగుదామని వెళ్తే, సొరుగులోంచి ఫారం తీసిచ్చింది కూడా ఆయనే.

"సార్, మార్చి పదిహేను ఆఖరి తేదీ."

"ఇంకా మూడు వారాలుంది కదా. కూర్చో. కోటు విప్పు. నిన్న రాత్రి భోజనం ఎవరితో చేశావు?"

"దానికీ ఫారానికీ సంబంధం ఏంటి సార్?"

"అడ్వైజర్ని కదా. అడగాలి."

"ఒక్కదాన్నే. గదిలో. నూడుల్స్."

ఆయన తల ఊపి, టీకి నీళ్ళు పెట్టారు. ప్రతిసారీ ఇదే తంతు. నిద్ర పడుతోందా? ఇంటికి ఫోన్ చేశావా? ఆ కొత్త కాలేజీలో ఏం చదువుతావు? ఎవరైనా స్నేహితులున్నారా? ముప్పావుగంట ఊరికే పోయేది. మారెన్‌తో కలిపి నాలుగు వందల ఎనభైమంది కూర్చునే హాల్లో మైకు పట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా రాళ్ళ గురించి, పర్వతాల గురించి పాఠం చెప్పి వెళ్ళిపోయే మనిషి, ఈ గదిలో మాత్రం జిడ్డులా పట్టుకుంటాడు.

"ఆయనకి వేరే పని లేదమ్మా," అంది ఆ సాయంత్రం ఫోన్లో తల్లితో. "దొరికింది కదా అని నన్ను కూర్చోబెట్టి కబుర్లు."

"కోపం తెచ్చుకోకు. సంతకం కావాల్సింది నీకు," అంది తల్లి. "అయినా అంత పెద్ద యూనివర్సిటీలో నీకేం తక్కువైందే? మీ మామయ్య దాని పేరున్న టోపీ కొనుక్కుని ఊరంతా తిరుగుతున్నాడు. ఇప్పుడు ఎల్డర్‌బ్రూక్ అంటే అదెక్కడని అడుగుతాడు."

"మామయ్య టోపీ కోసం నేనిక్కడ నాలుగేళ్ళు ఉండాలా?"

అసలు సంగతి ఆమె తల్లికి చెప్పలేదు. అక్టోబర్లో ఒక పొద్దున మారెన్‌కి మంచం దిగాలనిపించలేదు. మర్నాడూ అంతే. ఎన్నాళ్ళు అలా గోడ వైపు తిరిగి పడుకుందో తనకే లెక్క తెలియదు. రూమ్మేట్ అంతకు ముందే వేరే ఇంటికి వెళ్ళిపోయింది. తలుపు తట్టినవాళ్ళు లేరు. ఒకరోజు ఎలాగో లేచి, తల స్నానం చేసి క్లాసుకి వెళ్తే, ఏమైపోయావని అడిగినవాళ్ళూ లేరు. క్రిస్మస్ సెలవులకి ముందు ఎల్డర్‌బ్రూక్ చూడ్డానికి వెళ్ళినప్పుడు, భోజనశాలలో సూప్ పోసే ఆవిడ రెండో పూటకే ఆమెని పేరు పెట్టి పిలిచింది. మారెన్ అక్కడే నిశ్చయించుకుంది.

నాలుగో వారం నల్ల సిరాతో వెళ్ళింది.

"ఈ 'వ్యక్తిగత కారణాలు' ఏంటి?" అన్నారు ట్రస్కాట్ గారు. "ఏమీ చెప్పనట్టే ఉంది. మళ్ళీ రాసుకురా."

"కారణం అడిగిన గడిలో అందరూ అదే రాస్తారు సార్."

"అందరి సంగతీ నాకెందుకు?"

ఐదో వారం మారెన్ మంచులో నడిచి, మూడంతస్తులు ఎక్కి, కోటు విప్పకుండానే ఆయన బల్ల మీద ఫారం పెట్టింది. ఆయన ఎదుటే కలం తీసి, కాగితం చిరిగేంత గట్టిగా రాసింది: 'ఇక్కడ నేను ఉన్నా లేకపోయినా ఎవరికీ తెలియదు.'

ట్రస్కాట్ గారు ఆ వాక్యాన్ని చాలాసేపు చదివారు. తరవాత ఏ వంకా పెట్టకుండా సంతకం చేశారు.

"మంచి కాలేజీ. వెళ్ళు," అన్నారు. "నిద్ర పడుతోందా?"

"పడుతోంది సార్," అంది విసుగ్గా.

రిజిస్ట్రార్ ఆఫీసు కిటికీ వెనక కూర్చున్న బెర్నిస్ అనే ఉద్యోగిని ఫారాన్ని తిప్పి తిప్పి చూసింది.

"ఇదెక్కడ దొరికిందమ్మా నీకు? ఇప్పుడంతా కంప్యూటర్లోనే కదా. నీ గదిలో కూర్చుని నువ్వే పంపుకోవచ్చు."

"మరి అడ్వైజర్ సంతకం?"

"అది ఎత్తేసి ఆరేళ్ళయింది. ఎత్తేసిన కమిటీలో ట్రస్కాట్ గారే ఉన్నారు, ఆయనకి తెలియకపోవడమేంటి?"

మారెన్ మళ్ళీ మూడంతస్తులు ఎక్కింది. ఈసారి తలుపు కూడా తట్టలేదు.

"మీ సంతకం అక్కర్లేదట సార్."

"అక్కర్లేదు."

"తెలిసే ఐదు వారాలు తిప్పారా? తేదీ అన్నారు, సిరా అన్నారు. నన్ను చూస్తే మీకు ఆటగా ఉందా?"

"వారానికోసారి నువ్వు ఈ మెట్లెక్కి రావాలనుకున్నాను. ఊరికే రమ్మంటే వచ్చేదానివి కాదు."

"నేనెందుకు రావాలి?"

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆ హాల్లో నాకు పేర్లు తెలియవు, మారెన్. ఎవరెక్కడ కూర్చుంటారో మాత్రం తెలుస్తుంది. మొదటిసారి నువ్వీ గదిలోకి వచ్చినప్పుడు గుర్తుపట్టాను. పద్నాలుగో వరస, గోడ పక్క కుర్చీ."

"అయితే?"

"అక్టోబర్లో అది పన్నెండు రోజులు ఖాళీగా ఉంది."