తాళం వేసిన షెడ్డులో ఎండ

"ఎవడ్రా నా కారు ముట్టుకున్నది?"

పళ్ల డాక్టరుగారి అరుపుకి వంటింట్లో గిన్నె జారి కిందపడింది. బావమరిది సగం గీసిన గడ్డంతో, మొహం నిండా నురగతో పరుగెత్తుకొచ్చాడు. పెరటి షెడ్డులో పాతకారు పక్కన డాక్టరుగారు నెత్తిన చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు. కారు మీది కవరు నేలమీద కుప్పగా పడి ఉంది.

మంచు కరిగి రోడ్లు ఆరే ఈ రోజు కోసం ఆయన ఏటా కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తారు. ఆ ఊళ్ళో చలికాలమంతా రోడ్ల మీద మంచు పేరుకోకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు తగిలితే పాతకార్ల అడుగు తుప్పుపట్టి రాలిపోతుంది. అందుకని మొదటి మంచు పడకముందే ఆయన తన రాణీగారిని, అంటే కారుని, షెడ్డులో పెట్టి, కవరు కప్పి, తాళం వేసి, తలుపు సందుల్లో గుడ్డపేలికలు కుక్కేస్తారు. మళ్ళీ మంచు కరిగేదాకా తలుపు తీసే ప్రసక్తే లేదు. తీస్తే తేమ లోపలికి పోతుందట! రోజూ పొద్దున్నే వచ్చి తాళం లాగి చూసుకుని, "హాయిగా పడుకో తల్లీ" అని చెప్పి క్లినిక్‌కి వెళ్తారు. భార్యకి జ్వరమొచ్చినా ఇంత హైరానా పడరని చుట్టుపక్కలవాళ్ళు నవ్వుకుంటారు.

"ఏమైంది బావగారూ? ఎలక గానీ దూరిందా?"

"ఎలకా? ఇటు రా. కళ్ళు పెట్టుకుని చూడు!"

డాష్‌బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకి పగిలి ఉంది.

"చలికి పగిలిందేమో..."

"నోర్ముయ్. చలి దెబ్బేదో ఎండ దెబ్బేదో నాకు తెలీదా? ఇది ఎండ. దీన్ని నెలల తరబడి ఎండలో నిలబెట్టారు. ఆ సీటు చూడు, రంగు వెలిసిపోయింది. కాళ్ళ కింద పట్టా దులిపితే ఇసక రాలుతోంది."

"మరి తాళం వేసిన షెడ్డులోకి ఎండెలా వస్తుంది బావగారూ?"

నిజమే, ఎలా వస్తుంది? డాక్టరుగారు గోడలు చూశారు, కప్పు చూశారు. ఆఖరికి ఆయన చూపు బావమరిది మీద ఆగింది. అతనిది సముద్రం ఒడ్డున, ఏడాదంతా ఎండ కాసే ఊరు. డాక్టరుగారి భార్య మోకాళ్ళ నొప్పులకి ఈ చలి తట్టుకోలేక ఏటా తమ్ముడింటికి పోయి చలికాలం గడిపి వస్తుంది. ఈసారీ వెళ్ళి, నిన్న మధ్యాహ్నమే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని తిరిగొచ్చింది.

"నువ్వే!" అన్నారు డాక్టరుగారు.

"నేనా?"

"నువ్వు కాక ఇంకెవడు? 'మా ఊళ్ళో అయితే కారులో ఏడాది పొడుగునా కిటికీలు దించి షికారు కొట్టొచ్చు, మీరేమో దుప్పటి కప్పి ఐసీయూలో పెట్టారు' అని వెక్కిరించావా లేదా?"

"ఏదో సరదాకి అన్నాను. అయినా నాకు కారు నడపడమే రాదు బావగారూ! నేను సైకిలెక్కితేనే మా ఆవిడ ఎదురింటివాళ్ళని లోపలికి పొమ్మంటుంది."

"వేషాలెయ్యకు. నడు, సంచి సర్దుకో. నీకూ ఈ ఇంటికీ ఇవాళ్టితో సరి. ఇంకెప్పుడూ ఈ గుమ్మం తొక్కకు."

నురగ కింద అతని మొహం పాలిపోయింది. బావగారు చిన్నదానికీ చిందులేస్తారని తెలుసు గానీ, ఇంత మాట ఎప్పుడూ అనలేదు. తలుపు దగ్గరికి వచ్చిన అక్క వైపు దీనంగా చూశాడు.

"అక్కా, నువ్వైనా చెప్పవే!"

ఆమె తడిచేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"వాణ్ణేమీ అనకండి. తీసుకెళ్ళింది నేను."

"ఏంటీ?"

"మంచు మొదలవక ముందే, మీరటు క్లినిక్‌కి వెళ్ళగానే మారుతాళంతో తీశాను. రైల్లో పోతానని మీతో చెప్పి దీన్లో పోయాను. పోతూ పేలికలు మళ్ళీ మీరు కుక్కినట్టే కుక్కాను. నిన్న దీన్లోనే వచ్చాం."

డాక్టరుగారు కారు మీద చెయ్యి ఆనించి నిలదొక్కుకున్నారు.

"నీకు కారు నడపడం ఎప్పుడొచ్చింది?"

"పెళ్ళికి ముందే వచ్చు. మీరెప్పుడూ అడగలేదు."

"అంటే... ఈ చలికాలమంతా నేను రోజూ తాళం లాగి చూసింది..."

"ఖాళీ షెడ్డునే."

బావమరిది తువ్వాలుతో మొహం తుడుచుకుని నెమ్మదిగా పక్కకి జరిగాడు. ఇది మొగుడూ పెళ్ళాల వ్యవహారమని అతనికి అర్థమైపోయింది.

"ఎండకి పగులుతుందని నీకు తెలుసు కదే!" డాక్టరుగారు కారు తలుపు నిమిరారు. "నా మీద కోపముంటే నన్ను నాలుగు తిట్టు. నోరులేనిది, దాన్నెందుకు ఏడిపించావు? పోనీ, తీసుకెళ్ళావు. ఏ చెట్టు నీడనో పెట్టకపోయావా?"

"నీడన పెడితే వీధి మలుపులోంచి కనపడదండీ. అందుకే తమ్ముడి గుమ్మానికి ఎదురుగా ఎండలో పెట్టి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను."

"ఎవరికి కనపడాలని?"

"మీకే. నా కోసం ఎలాగూ రారు, దీని కోసమైనా పరుగెత్తుకొస్తారేమో అని."