ఎలా ఉన్నారని అడిగే తలుపు

మా పేట ఆస్పత్రిలో ఇప్పుడు తలుపే రోగిని "ఎలా ఉన్నారు?" అని అడుగుతుంది. బాగున్నానంటే తెరుచుకోదు.

ఇటుకలు మోసి నడుం వంగిపోయిన మస్తాన్‌బీ అలవాటు కొద్దీ, "బాగున్నానయ్యా, నువ్వు తిన్నావా?" అంటుంది. తలుపు ఆమెను ఇంటికి పంపేస్తుంది.

నేను తుమ్మొచ్చినా లోకం మునిగినట్టు సణిగే రకం. నాకెప్పుడూ తలుపు తెరుచుకునేది. అందుకే ఇవాళ తోడు వెళ్ళి, ఆమె నొప్పులన్నీ నేనే ఏకరువు పెట్టాను. తలుపు తెరుచుకుంది.

"నీ కడుపు చల్లగుండ, నాయనా" అంటూ ఆమె లోపలికెళ్ళింది.

ఆ దీవెనకి ఉబ్బిపోయి ఉండగా నా వంతొచ్చింది. చూపించుకుందామని వచ్చిన నా మోకాలు సలుపుతూనే ఉంది. "ఎలా ఉన్నారు?" అంది తలుపు.

"బాగున్నా" అనేశాను, జన్మలో మొదటిసారి.

"సంతోషం, వెళ్ళిరండి."

ఇక నా తరఫున మస్తాన్‌బీ సణగాలి. ఆమెకది చేతకాదు.