పక్క సీటావిడ

బిస్కెట్ ప్యాకెట్ చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది.

పక్క సీటావిడ తీసుకోలేదు సరికదా, తల కూడా తిప్పలేదు.

'అబ్బో, పొగరు!' అనుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడాయన.

ఆయనది టైర్ల కొట్టు. గొంతు పెద్దది కాబట్టి వీధంతా 'మైకు' అంటుంది. ఇవాళ ఆ గొంతుకు పట్టపగ్గాల్లేవు. తల్లి లేకుండా పెంచిన కూతురు దేశం తరఫున మొదటిసారి ఫుట్‌బాల్ ఆడుతోంది.

ఆడే ప్రతి పిల్లకీ ఇంటివాళ్ల కోసం రెండేసి టికెట్లు ఇచ్చారు. రెండోది 'మా మేడమ్‌కి' అంది కూతురు. ఆ మేడమ్ ఈవిడే.

మైదానంలో రెఫరీ కూడా ఆడమనిషే.

"కళ్లున్నాయా, లేవా?" మైకు లేచి అరిచాడు. "మా అమ్మాయిని తోసేస్తే కనపడలేదా?"

"తొయ్యలేదండీ. తనే తడబడింది," అంది పక్క సీటావిడ.

ఫరవాలేదు, నోరుంది!

"బంతి అటుంటే మీరు ఇటు చూస్తారేంటండీ?"

"రెఫరీని చూస్తున్నా. చక్కగా పరిగెడుతోంది."

మైకుకు నవ్వొచ్చింది.

"వాళ్ల సంగతి నన్నడగండి. ఐదేళ్ల కిందట మా పిల్ల జట్టు ఫైనల్ ఆడింది. అప్పుడూ ఇలాగే ఒకావిడ. మాకు రావాల్సిన పెనాల్టీ ఇవ్వలేదు. ఒళ్లు మండి, చేతిలో ఉన్న నీళ్ల సీసా విసిరా. సరిగ్గా మొహం మీద!"

"తర్వాత?"

"మొండిఘటం. కట్టు కట్టించుకుని ఆట పూర్తిచేసింది. ఎవరు విసిరారని పైవాళ్లొచ్చి అడిగితే, చూడలేదంది. ఎదురుగా నిలబడ్డానండీ నేను! అదీ వాళ్ల చూపు."

పగలబడి నవ్వాడు.

ఆవిడ అప్పుడు మొహం పూర్తిగా ఇటు తిప్పి ఆయన్ని చూసింది.

"చూసే ఉంటుందండీ."

"మరి చెప్పలేదేం?"

"చెబితే మీ జట్టును పోటీలోంచి తీసేసేవాళ్లు. ఆ రోజు సెలెక్టర్లు వచ్చారు కదా."

ఆ మాట మైకు బుర్రకెక్కేలోపే స్టేడియం దద్దరిల్లింది. కూతురు గోల్ కొట్టింది! ఆయన గొంతు బొంగురుపోయేదాకా అరిచాడు. మళ్లీ పక్కకు చూసేసరికి ఆవిడ కమ్మీ పట్టుకుని మెట్లు దిగుతోంది.

"ఆట అయిపోలేదండీ!"

"ఆఖరి విజిల్ వినలేనండీ," అంటూనే జనంలో కలిసిపోయింది.

ఆట ముగిశాక కూతురు బురద బట్టలతోనే పరిగెత్తుకొచ్చింది. తండ్రిని వాటేసుకుని, భుజం మీదుగా వెతికింది.

"మేడమ్ ఏరీ?"

"ఎప్పుడో వెళ్లిపోయింది. మహా పొగరమ్మా మీ మేడమ్‌కి. బిస్కెట్లు ఇవ్వబోతే మొహం కూడా తిప్పలేదు."

"నువ్వు ఆవిడకి ఏ పక్కన కూర్చున్నావ్?"

"ఎడమ పక్క. అయితే?"

"అయ్యో, ఆ కన్ను కనపడదు నాన్నా."

మైకు ఆవిడ కూర్చున్న ఖాళీ సీటు వైపు తిరిగి చూశాడు.

"ఆవిడ రెఫరీ. పదేళ్లు మట్టి మైదానాల్లో తిట్లు తిని, అంతర్జాతీయ బ్యాడ్జి తెచ్చుకుంది. పై దేశంలో మొదటి మ్యాచ్‌కి పిలుపు కూడా వచ్చింది. ఈలోగా కన్ను పోయింది. బ్యాడ్జి వెనక్కి తీసేసుకున్నారు. అయినా నా ప్రతి ఆటకీ వచ్చి, ఏ మూలో కూర్చుని చూసి వెళ్తుంది. ఇవాళ మీరిద్దరూ పక్కపక్కన కూర్చోవాలని నేనే బతిమాలి రప్పించా."

మైకు చేతిలో బిస్కెట్లు పొడి అయిపోయాయి. అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"కన్ను... ఎలా పోయింది?"

కూతురు కళ్లు తుడుచుకుంది.

"మా ఫైనల్ రోజు నీళ్ల సీసా విసిరిన పాపాత్ముడెవడని నేను ఎన్నిసార్లు అడిగినా, చూడలేదనే అంటుంది నాన్నా."